అక్వేరియంలో రొయ్యలు

కడపలో ఒక లాడ్జి ముందుగదిలో ఉన్న అక్వేరియాన్ని నేనే చూసుకుంటాను. మొక్కలు బాగానే ఉన్నా, వాటి మధ్య తిరిగే చిన్న రొయ్యలు రెండుసార్లు చచ్చాయి. నేల తుడిచే ఏసుమణి ఫినాయిలు అంటిన చేతులు నీళ్లలో పెడుతోందని అనుమానించి ఓనరుకు చెప్పాను. ఆయన ఆమెను రేపటి నుంచి రావద్దన్నాడు.

ఏసుమణి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఏం పెద్దాయనా, నేను చెయ్యి పెట్టేది నువ్వు చూసినావా? రెండుసార్లూ నువ్వు నీళ్లు మార్చిన మర్నాడే గదా సచ్చినాయి. యాడివి ఆ నీళ్లు?"

"రాగి బిందెలో నిలవ పెట్టినవే. మనుషులకు మంచిదంటారు గదా."

నాకూ అనుమానం వచ్చి, రొయ్యలమ్మిన చాంద్ బాషాకు ఫోను చేశాను.

"రాగి బిందెలోవా! రొయ్యలకు రాగి విషం తాతా. నువ్వే సంపుకున్నావు" అని నవ్వాడు.

ఏసుమణి నవ్వలేదు. ఆమెను వెంటబెట్టుకుని ఓనరు గదికి పోయాను.