మోడల్ ఇంటి వంటిల్లు

తాలింపులో ఎండుమిరపకాయలు వేసినానో లేదో దగ్గు ఎత్తుకుంది. హాల్లోనుంచి మా ఆయన రవీంద్ర, "నోటికి కొంగు అడ్డం పెట్టుకో హేమా, ఆఫీసర్లు వచ్చినారు" అన్నాడు. పెట్టుకున్నాను. కండ్లలోంచి కారేదానికి ఏం అడ్డం పెట్టుకోవాలో చెప్పలేదు మహానుభావుడు.

చిక్కబళ్ళాపురలో మా మామ ద్రాక్షతోట తీసేసి కట్టించిన అపార్ట్‌మెంటు ఇది. కరెంటు తక్కువ తినే కట్టడమని సర్టిఫికెట్ ఇచ్చేదానికి బెంగళూరునుంచి వచ్చినారు వాళ్ళు. కింది ఇల్లు మోడల్ ఇల్లు, అందులో మా కాపురం. ఎండ కొట్టే పడమటి గోడకు లోపల డొల్లగా ఉండే హాలో బ్లాకులు, మిద్దె మీద తెల్ల టైల్సు, కిటికీలకు వెడల్పు సజ్జాలు, గాలి ఇటు దూరి అటు పోయే దారి, అన్నీ నేను గీసినవే. బి.ఇ. సివిల్ చదివినదాన్ని. సంగటి కెలికి, అంట్లు తోమి, అందరూ టీవీ ముందు చేరినాక లాప్‌టాప్ తెరిచి గీసినాను. మా ఆయన అడిగినోళ్ళకంతా "మా టీం చేసింది" అంటాడు.

వంటింటికి పెద్ద కిటికీ, పొగ లాగే ఫ్యాను కూడా గీసినాను. కట్టేటప్పుడు మా ఆయన అన్ని ఇండ్లలోనూ వాటిని బ్లాకులతో మూయించినాడు. హాల్లో ఏసీ చల్లదనం ఆ సందులోంచి పోతాదంట. "నాకు ఆయాసం ఉండాది, డాక్టరు పొగ పనికిరాదన్నాడు" అంటే, మా అత్త సుబ్బలక్ష్మమ్మ అందుకునింది. "కట్టెలపొయ్యి కాడ మేమంతా చచ్చినామా? గ్యాసు పొయ్యికే నీకు ఆయాసమా తల్లీ?" ఆ మాట అనేలోపల ఆమే రెండుసార్లు ఆగి దగ్గింది. ఎన్నేండ్లనుంచో దగ్గుతానే ఉండాది. అది రోగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

ఆఫీసర్లలో ఒకామె, పంకజ మేడం, వంటింటి గడప కాడ నిలబడి కండ్లు తుడుచుకునింది. "గాలి యాడనుంచి వస్తాదిక్కడ? గాలి లెక్కలో ఈ గదికి ఎంతమందిని వేసినారు?"

మా ఆయన నవ్వినాడు. "ఎవర్నీ వెయ్యలేదు మేడం. హాలుకు అయిదుమంది, పడకగదికి ఇద్దరు. వంటింట్లో మనుషులు ఎవరుంటారు? మా ఆవిడొక్కతే కదా."

మామ నవ్వినాడు. అత్త కూడా నవ్వింది. పంకజ మేడం నన్ను చూసి, చూపు తిప్పుకొని, కాఫీ బాగుందని హాల్లోకి పోయింది. వంటింటికి గాలి లేకున్నా సర్టిఫికెట్ మార్కులేమీ తగ్గవని అక్కడ చెప్తాండటం నాకు వినపడింది.

ఒళ్ళు మండిపోయింది నాకు. పై ఇండ్లలోకి ఎవరెవరో ఆడోళ్ళు వస్తారు. నేను గీసిన గోడల మధ్యనే నిలబడి దగ్గుతారు. వాళ్ళ అత్తలు వాళ్ళకూ ఇదే చెప్తారు. స్టవ్వు కట్టేసి మెట్లెక్కినాను. మేస్త్రీ సీనప్ప పై ఇంట్లో నేల కడిగిస్తాండాడు.

"సీనప్పా, వంటింటి కిటికీ పగలగొట్టు."

"సార్ చెప్పకుండా నేను చెయ్యి పెట్టనమ్మా."

సమ్మెట నేనే తీసుకున్నాను. కొడితే ముందు సిమెంటు పెచ్చులూడింది, తర్వాత బ్లాకు బయటికి పడింది. చప్పుడుకు అత్త ఆయాసపడుకుంటా పైకి వచ్చింది. గాలి ఆమె మొహానికి కొట్టింది. గోడ పట్టుకొని కాసేపు ఊపిరి పీల్చుకునింది, హాయిగానే పీల్చుకునింది. తర్వాత అనింది, "ఆఫీసర్లు విస్తర్ల ముందు కూర్చున్నారు. ముందు పోయి అన్నం పెట్టు."

"నీ కొడుకును పెట్టమను అత్తా. నేను ఇంకా కింద మన వంటింటి గోడ కొట్టాల."