కల్లు మాట, లోను మాట

హన్మవ్వకు తెలివి పుట్టుకతోనే ఎక్కువ. అందుకే కోటగిరి పక్కనున్న ఆ ఊళ్లో మహిళా సంఘం పెట్టిన నాటి నుంచి అధ్యక్షురాలి కుర్చీ ఆమెను వదలడం లేదు. ఆ రోజు మీటింగుకు కూడా ఆమె ఒక ఎత్తు వేసుకునే వచ్చింది.

సంఘం ముందు రెండు తీర్మానాలున్నాయి. ఒకటి, చిన్న దుకాణాలు పెట్టుకునే ఆడవాళ్లకు లోన్లు. రెండోది, మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లను సంఘం ఖర్చుతో నిజామాబాద్ పెద్దాసుపత్రిలో చేర్పించి మాన్పించడం. లోన్లకైతే అడగకముందే చేతులు లేస్తాయి. రెండోదానికి ఎవరు లేపుతారు? లేపిన ప్రతి చేతికీ 'వీళ్లింట్లో ఎవడో ఉన్నాడు' అన్న ముద్ర పడుతుంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అనే లోకమాయె. రెంటినీ కలిపి ఒక్క ఓటు పెడితే ఏ చెయ్యి దేనికి లేచిందో దేవుడికి కూడా అంతుపట్టదు. అదీ హన్మవ్వ ఎత్తు.

ఆమె ఇంట్లో ఉన్నాడు మరి. మొగుడు పోశన్న. బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలిన రోజుల్లో బండెడు చెరుకును ఆడుతూపాడుతూ దించిన మనిషి, ఇప్పుడు పొద్దున కల్లు పడకపోతే చాయ్ గ్లాసు పట్టుకోలేడు. "నరాల వీక్‌నెస్" అని హన్మవ్వ ఊరంతా చెప్పుకుంది. ఊరు కూడా మర్యాదగా తలూపింది. కిందటేడు పోశన్న మొండికేసి తనంతట తానే మానేశాడు. ఫిట్స్ వచ్చాయి. గోడతో మాట్లాడాడు. పెళ్లాన్ని గుర్తుపట్టలేదు. మనిషి దక్కితే చాలనుకుని హన్మవ్వ తన చేత్తోనే మళ్లీ కల్లు తెచ్చి పోసింది. అలా పోసినందుకు ఆమె ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు ఏడుస్తుంది. డాక్టర్ల మధ్య మాన్పిస్తేనే ఆయన బతుకుతాడని ఆమెకు తెలుసు. కానీ ఒక్కడినే తీసుకుపోతే ఊరంతా చూస్తుంది. నలుగురితో కలిపి పంపితే, ఎవరికో తోడు పోయాడని చెప్పుకోవచ్చు.

మీటింగు మొదలవగానే అజీజా అడ్డం పడింది. గాజుల దుకాణం పెట్టాలని ఎప్పటినుంచో లోను కోసం చూస్తున్న మనిషి, హన్మవ్వకు తోడబుట్టిన చెల్లెలికన్నా ఎక్కువ.

“అక్కా, నారాజ్ గాకు. లోన్ కాయిదంల కల్లు ముచ్చట సూస్తే బ్యాంకోళ్లు కాయిదాన్నే ఎనుకకు పంపుతరు. దేనిది దానికే పెట్టుండ్రి.”

లెక్కలు రాసే అంకిత నియమాల పుస్తకం తిరగేసింది. “రెండు కలిపి పెట్టాల్నా, ఏరేరుగనా అన్నదే ముందుగాల తేల్చాలె. దానికొక ఓటు.”

“ఓటు పెట్టెతందుకు గూడ ఓటేనా?” అంది బీడీలు చుట్టుకుంటూ ముసలి ఈరవ్వ. “మా అత్త గూడ నన్ను గింత సతాయించలే.”

నవ్వులయ్యాక చేతులు లేచాయి. కలపాలన్న వాళ్లూ, వద్దన్న వాళ్లూ సరిసమానంగా తేలారు. ఇక అధ్యక్షురాలి మాటే మిగిలింది. హన్మవ్వ గెలిచినట్టే. నోరు తెరవబోయింది.

“హన్మవ్వా, గా లోన్ల సందుల నన్ను దాసిపెట్టకే.”

కుర్చీ వెనక కిటికీలోంచి వచ్చింది ఆ గొంతు. ఆమె వెంట నడిచొచ్చి, బయట అరుగు మీద కూర్చున్న పోశన్నది.

హన్మవ్వకు ఒళ్లు మండిపోయింది. “ఊకోవయ్యా! ఆడోళ్ల మీటింగుల మొగోడు మాట్లాడొద్దు.”

“మాట్లాడ. ఒక్కటే మాట. సంసారం గుట్టు, రోగం రట్టు అంటరు గదా. నువ్వు నా రోగాన్ని సంసారం లెక్క దాస్తున్నవ్. నన్ను మోసి మోసి నీ నడుము ఇరుగుతున్నదే.”

హన్మవ్వ తలెత్తి అందరి ముఖాలూ చూసింది. ఒక్క ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. అజీజా తల దించుకుంది.

“గిది మాకు కొత్త ముచ్చటానే?” అంది ఈరవ్వ మెల్లగా. “నువ్వు బాధపడ్తవని ఊకున్నం.”

ఎంత తెలివిగలదైతేనేం, ఊరందరికీ తెలిసిన సంగతిని ఊరందరి దగ్గరా దాస్తూ వచ్చింది. సిగ్గుతో ముఖం కాలిపోయింది. ఆ వెంటనే, ఇన్నేళ్లూ తన అబద్ధాన్ని పసిబిడ్డలా కాపాడిన ఈ ఆడవాళ్ల మీద ఎక్కడలేని ప్రేమ పొంగింది. కళ్లు కొంగుతో ఒత్తుకుంది.

“ఏరేరుగనే పెట్టుండ్రి,” అంది. “ముందుగాల కల్లు మాట.”

తన చెయ్యే మొదట లేపింది. వెనువెంటనే అజీజా చెయ్యి, ఆ వెనకే మిగతా చేతులూ లేచాయి. అంకిత లెక్కపెడుతూ కిటికీ దగ్గర ఆగింది. ఊచల మధ్యనుంచి ఇంకో చెయ్యి లోపలికి వచ్చి గజగజ వణుకుతోంది.

“పెద్దబాపూ, నీకు ఓటు లేదు.”

“ఎరుకనే బిడ్డా. ఓటు గాదు. దవాఖానకు పోయెటోళ్లల్ల నా పేరు రాస్కోమంటున్న.”

హన్మవ్వ ఒక చెయ్యి పైకెత్తే ఉంచి, రెండో చేత్తో మొగుడి చెయ్యి పట్టుకుంది. తీర్మానం నెగ్గిందని అంకిత చెప్పినా ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. ఆమె వదల్లేదు.