అనుమతి రాకముందే జీతం

మందమర్రిలో గని కార్మికుల కాలనీ. ఆదివారం ఆరాధన ముగించుకుని దేవసహాయం ఇంటికి వచ్చేసరికి, బడి నడిపే సదానందం కుర్చీలో కూర్చుని చాయ తాగుతున్నాడు. దేవసహాయం ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలోకి దిగి రిటైరైన మనిషి. మాట తక్కువ. కొడుకు జేమ్స్ దుబాయిలో వంటపని చేసేటప్పుడు, అక్కడ పిల్లల బడిలో పనిచేసే మారిసెల్ పరిచయమైంది. ఆమెది ఫిలిప్పీన్స్ దేశం. నిరుడు ఇక్కడి చర్చిలోనే ఇద్దరికీ పెళ్లి జరిగింది.

"అన్నా, నీ కోడల్ని రేపటి నుంచే పంపు" అన్నాడు సదానందం. "చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పాలె. మా సార్లు ఇంగ్లీషు మాట్లాడితే పిల్లలు కాదు, నేనే పరేషాన్ అయితున్న."

దేవసహాయం భార్య ఎలీసబెతు నవ్వింది. "ఏడాదాయె పిల్ల ఇంట్ల కూసోని. పంపుతం తమ్మీ."

మారిసెల్ ముఖం వెలిగింది. దుబాయిలో ఇరవై మంది పిల్లలను ఆడించిన మనిషికి ఇక్కడ రోజు గడవడం లేదు.

చదివే మీకు కూడా ఇది మంచి కబురు లాగే ఉంటుంది. కాలనీలో ఉండే మాకూ మొదట అట్లాగే అనిపించింది.

"జీతమెంత?" అని జేమ్స్ అడిగాడు.

"మిగతా టీచర్లకిచ్చేదాంట్ల సగం. ఈమెకు కాగితాలు పూర్తి కాలే గదా. రిజిస్టర్ల పేరు రాయ. చేతికే ఇస్త."

దేవసహాయం తల ఎత్తాడు. "పేరెందుకు రాయవు?"

"రాస్తే అడుగుతరు. రాయకుంటే ఎవలకు ఫికర్ లేదు."

"ఎవలకు? నీకా, ఆమెకా?"

సదానందం గ్లాసు కింద పెట్టి, ఆలోచించుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

"ఇంటికొచ్చిన పనిని చెడగొడుతవా?" అని ఎలీసబెతు కోప్పడింది. "పెళ్లాయె, మనింటి మనిషాయె. ఇంకెవల్ని అడగాలె?"

అప్పుడు దేవసహాయం తనతో బాయిలో పనిచేసిన అంతయ్య సంగతి చెప్పాడు. బాయిలోకి దిగేముందు మస్టరు పడాలి, అంటే హాజరు పుస్తకంలో పేరెక్కాలి. ఒకనాడు తమ్ముడికి జ్వరమొస్తే, తమ్ముడి పేరు మీద అంతయ్య దిగాడు. పైకప్పు బండ పడి చనిపోయాడు. పుస్తకం ప్రకారం అంతయ్య ఆ రోజు బాయిలో లేడు. అతని భార్య సత్తమ్మ నష్టపరిహారం కోసం ఆరేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది.

"ఈమెను అట్ల దింప" అన్నాడు.

మర్నాడు దేవసహాయం, జేమ్స్, మారిసెల్ మంచిర్యాల వెళ్లారు. విదేశీయుల కాగితాలు చూసే అధికారిణి పద్మలత పాస్‌పోర్టు తిరగేసింది.

"ఈ వీసా మీద జీతం పని చేయొద్దు. చేసినట్టు తేలితే వీసా పొడిగించకపోవచ్చు, దేశం విడిచి పొమ్మనవచ్చు. పెళ్లి రిజిస్టరై రెండేండ్లు నిండితే ఓసీఐ కార్డుకు, అంటే మనోళ్లను చేసుకున్న విదేశీయులు ఇక్కడ ఉండి పనిచేసుకునే కార్డుకు పెట్టుకోవచ్చు. అది వచ్చినంక బడిల చేరవచ్చు. అంతకుముందే పని కావాలంటే విడిగ అనుమతి అడగాలె, అది ఇచ్చేదాక ఆగాలె. మీ పెళ్లి ఎప్పుడు రిజిస్టరైంది?"

జేమ్స్ తండ్రి వైపు చూశాడు. దేవసహాయమే జవాబు చెప్పాడు.

"పాస్టరయ్య కాగితం రాసిచ్చిండు. రిజిస్ట్రార్ ఆఫీసుల ఇచ్చి సర్టిఫికెట్ తెచ్చుకొమ్మన్నడు. నేను బైబిల్ల పెట్టిన. అంతకన్న భద్రమైన జాగ లేదనుకున్న."

"అయితే రెండేండ్లు ఇంకా మొదలే కాలే తాతా."

ముప్పై రెండేళ్లలో ఒక్కరోజు కూడా మస్టరు లేకుండా దిగని మనిషి, కోడలి పేరు ఎక్కించడం మరిచాడు. "తప్పు నాది బిడ్డా" అన్నాడు మారిసెల్‌తో. ఆ మధ్యాహ్నమే కాగితం తెచ్చి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చారు. సర్టిఫికెట్ చేతికి రాగానే పని అనుమతికి కూడా అర్జీ పెట్టారు.

సదానందం మళ్లీ వచ్చాడు. "రెండేండ్లు ఖాళీగ కూసుంటవా అమ్మా?"

మారిసెల్ మాటలు వెతుక్కుంటూ చెప్పింది. "ఖాళీ కాదు సార్. తెలుగు నేర్చుకుంట. అనుమతి వస్త. అప్పుడు నాకు పూరా జీతం కావాలె."

"అప్పటికి నా జీతం గూడ నువ్వే చెప్తవేమో."

"అవ్ సార్" అంది మారిసెల్. ఎలీసబెతు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో పాస్టరు ప్రకటనలు చదవడం ముగించాక, ఎన్నడూ నోరు విప్పని దేవసహాయం లేచి నిలబడ్డాడు. గల్ఫుకు మనుషులను పంపిన ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి; వాళ్లకూ ఇట్లాంటి కోడళ్లు రావచ్చు.

"నేను నా కోడలికి ఏడాది నష్టం చేసిన. మీరు ఒక్క దినం చేయకుండ్రి. పెళ్లి అయిన వారంల రిజిస్టర్ చేయించుండ్రి. అనుమతి చేతికొచ్చినంకనే పనికి పంపుండ్రి. పేరు రాయకుంట పని ఇచ్చేటోడు మన కోడలికి మేలు చేస్తలేడు, రేపు ఆమె అన్యాయమని అడగకుంట నోరు మూస్తుండు."