తప్పని తేలగల మాట

పీహెచ్‌డీ కోసం టీచరమ్మ రాసుకొచ్చిన పరికల్పనను, అంటే పరిశోధనలో తేల్చబోయే మాటను, గైడు మేడమ్ మూడోసారి కూడా తిప్పి పంపింది. విద్యార్థులు ఆవిడకు ఎర్రసిరా అని పేరు పెట్టుకున్నది ఊరికే కాదు. కాగితం మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం. దాని కింద ఎర్రగీత, పక్కన ప్రశ్నార్థకం.

"వినికిడి లేని పిల్లల చదువుపై ఇంటి వాతావరణం ప్రభావం చూపుతుంది," అని మేడమ్ పైకి చదివింది. "చూపక ఏం చేస్తుందమ్మా? ఏం జరిగితే ఈ మాట తప్పని ఒప్పుకుంటావు?"

టీచరమ్మ ఆ ఎర్రగీత వంకే చూసింది.

"ఏం జరిగినా ఒప్పుకోనక్కర్లేదు కదా. అందుకే రాశావు. ఏ పిల్లలు, ఎవరితో పోలిస్తే, ఏ విషయంలో, ఎలా కొలుస్తావు, తేడా ఎటువైపు వస్తుందనుకుంటున్నావు, అన్నీ అందులో ఉండాలి. రేపు సాయంత్రంలోగా తీసుకురా. లేకపోతే ఈ ఏడాదికి రిజిస్ట్రేషన్ లేనట్టే."

అని ఆవిడ మరో విద్యార్థి కాగితం అందుకుంది. మెట్లు దిగుతుంటే టీచరమ్మకు ఒళ్ళు మండిపోయింది, అదీ తన మీదే. రాయాల్సిన వాక్యం ఆమెకు ఎప్పుడో తెలుసు. రాయడానికే చెయ్యి రావడం లేదు.

వినికిడి లేని పిల్లల బడిలో పాఠాలు చెప్పే మనిషి ఆమె. ఇంట్లో తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. వాడికి మాటలు నేర్పాలని అమ్మ పంతం పట్టింది. సైగలు అలవాటైతే ఇక నోరు తెరవడని ఒక పెద్ద డాక్టరు చెప్పాడట. అంతే, ఇంట్లో సైగలకు చోటు లేకుండా పోయింది. వాడు చేతులు కదిలిస్తే అమ్మ వాటిని పట్టుకుని వాడి ఒళ్ళో పెట్టేసేది. కుట్టుమిషన్ పక్కన కూర్చోబెట్టుకుని, తన గొంతు మీద వాడి చెయ్యి ఆనించి, ఒక్కో అక్షరం పలికించేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి గొణుక్కున్నా సరే, ఆ అక్షరం వచ్చేదాకా లేచేది కాదు.

మాటలు వచ్చాయి. ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తూ, ఎదుటివాళ్ళ పెదవులు చూసి టకటకా జవాబు చెప్పేస్తాడు. కానీ ఒక పేజీ కథ చేతికిస్తే రెండో పేరాలోనే దారి తప్పుతాడు. సైగల భాష వాడికి బాగా పెద్దయ్యాక, పనిలో చేరినప్పుడు స్నేహితుల దగ్గర వచ్చింది.

చిన్నప్పుడే ఆ చేతులను వదిలేసి ఉంటే వాడు పుస్తకాలు అవలీలగా చదివేసేవాడని టీచరమ్మ గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే అమ్మ మీద కోపాన్ని ఏళ్ళ తరబడి మనసులో దాచుకుంది. ఇప్పుడు అదే మాట రాస్తే అమ్మ రక్తం ధారపోసి చేసిన పనిని పరీక్షకు పెట్టినట్టే. అందుకే వాక్యాన్ని మెత్తబరిచి మెత్తబరిచి, చివరికి పళ్ళు లేని మాటగా మార్చింది.

నేరుగా ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. బడికి వెళ్ళి ఖాళీ తరగతిలో కూర్చుంది. ముందు మేడమ్ ప్రశ్నకు జవాబు రాద్దామనుకుంది. ఏం జరిగితే నా మాట తప్పు? సైగలు ముందుగా నేర్చిన పిల్లలూ ఆలస్యంగా నేర్చినవాళ్ళూ ఒకే కథ చదివి, ఒకే ప్రశ్నలకు ఒకేలా జవాబులిస్తే తప్పు. ఆలస్యంగా నేర్చినవాళ్ళే మెరుగనిపించుకుంటే మరీ తప్పు. వినికిడి యంత్రం ఉందా, ఇంట్లో ఎవరెంత చదివి వినిపిస్తారు, అవి కూడా విడిగా చూడాలి.

అక్కడ కలం ఆగింది. ఇన్నాళ్ళూ అమ్మ ఓడిపోతుందేమోనని భయపడిందే గానీ, తనూ ఓడిపోవచ్చన్న ఆలోచనే రాలేదు. ఒక్క తమ్ముణ్ణి చూసి తీర్పు చెప్పేసింది, ఇన్నేళ్ళూ అమ్మను ముద్దాయిని చేసి నిలబెట్టింది. తలకొట్టేసినట్టయింది. ఆ సిగ్గులోంచే మొండితనం పుట్టుకొచ్చింది. ఎవరు ఓడినా సరే, ఇక తేల్చాల్సిందే. వాక్యం రాసి, సంచిలో పెట్టుకుని లేచింది.

ఇంట్లో అమ్మ చొక్కాకు గుండీలు కుడుతోంది. తమ్ముడు అప్పుడే పనినుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. టీచరమ్మ ఇద్దరికీ ఎదురుగా నిలబడి, పెదవులు స్పష్టంగా కదుపుతూ చదివింది.

"ఐదేళ్ళు నిండకముందే సైగల భాష నేర్చుకున్న వినికిడి లేని పిల్లలు, ఆ తర్వాత నేర్చుకున్నవాళ్ళ కంటే, మూడో తరగతిలో ఒకే కథ చదివి, దాని మీద అడిగే ఒకే ప్రశ్నలకు ఎక్కువ సరైన జవాబులిస్తారు."

తమ్ముడు ముందు తేరుకున్నాడు. "నేను లేటు గుంపు," అన్నాడు నవ్వుతూ. "బాగుందక్కా. ఈసారి అర్థమైంది. నువ్వు ముందు రాసినవి చదివితే నాకే కాదు, వినపడేవాళ్ళకీ అర్థం కావు."

అమ్మ నవ్వలేదు. సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది. "అంటే నేను చేసింది తప్పనా?"

"అనుకుంటున్నానమ్మా. తెలుసని మాత్రం అనను. తెలుసుకోవడానికే ఇదంతా."

"తప్పని తేలితే?"

"తేలితే అలాగే రాస్తాను."

"నువ్వనుకున్నదే తప్పని తేలితే?"

"అదీ రాస్తాను. ఒక్క అంకె కూడా దాచను."

అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "వీడి చేతులు పట్టుకున్నప్పుడల్లా నాకు భయంగానే ఉండేదే. ఒక్క డాక్టరు దగ్గరికా తిరిగింది? తలో మాటా చెప్పారు. ఎంత గట్టిగా చెప్పారనుకున్నావ్! మాకూ తెలీదమ్మా అని ఒక్కరంటే ఒక్కరూ అనలేదు."

టీచరమ్మ వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంది.

"నువ్వు మీ మేడమ్‌కి ఇచ్చెయ్యి ఆ కాగితం," అంది అమ్మ. "రేపు ఇంకో తల్లి వచ్చి, పిల్లాడికి ఏం నేర్పాలని అడుగుతుంది. అప్పటికైనా ఎవరో ఒకరికి తెలిసుండాలి కదా."