ఇల్యారి మూడో ఏడు

"తమాలెస్ ఇంకో ఇరవై చుట్టు ఫెలీ. రేపు సమాధుల దగ్గరికి మనతో పదకొండు మంది వస్తున్నారు."

మా ఆయన సెనోబియో ఆ మాట అన్నప్పుడు నేను ఆకుల్లో చుట్టి ఉడికించే ఆ తమాలెస్ కోసమే మొక్కజొన్న పిండిలో కొవ్వు కలిపి మెదుపుతున్నాను. మోచేతుల దాకా పిండి. ఆయన అన్నయ్య కుటుంబం వస్తోంది కాబోలు అనుకున్నాను.

"ఎవరు వస్తున్నారు?"

"పైగదుల వాళ్ళే. చిలీ వాళ్ళూ, అర్జెంటీనా వాళ్ళూ. రేపటి యాత్రలో మన పాప దగ్గర భోజనం కూడా పెట్టేశాను. పోయినవాళ్ళతో కూర్చుని తినడం వాళ్ళెక్కడ చూస్తారు? కుస్కోలో ఇంకే వ్యానువాడి దగ్గరా ఇది లేదు."

కొత్తగా ఒక జలపాతం కనిపెట్టినట్టు చెప్పాడు. నా చేతులు పిండిలో అలాగే ఉండిపోయాయి.

మాకు సాన్ బ్లాస్ మెట్ల వీధిలో యాత్రికులకి అద్దెకిచ్చే ఎనిమిది గదుల ఇల్లుంది, వాళ్ళని తిప్పడానికి ఒక వ్యానుంది. గదులు అత్తగారివి, వ్యాను ఆయనది. దుప్పట్లు ఉతకడం, పొద్దున్నే రొట్టె, గుడ్లు, కోకా ఆకు కషాయం పెట్టడం నావి. వాటితో పాటు ఇంకో పని కూడా నాదే, దానికి ఎవరూ పేరు పెట్టలేదు. కషాయం తాగుతూ వచ్చినవాళ్ళు అడుగుతారు, ఇవాళ ఎక్కడికి పోతే బాగుంటుందని. నేను వాళ్ళ మొహం చూస్తాను. మా కొండల ఎత్తు పడక పెదవులు నీలంగా ఉంటే, మా వీధి మెట్లకే ఆయాసపడుతుంటే, మొదటిరోజు పైకి వద్దు, కిందికి లోయలోకి దిగండి అంటాను. పీసాక్‌లో కోట ముందు, సంత తరవాత, ఎందుకంటే ఎండెక్కాక ఆ కోట ఎక్కలేరు. ముసలివాళ్ళకి దారిలో ఎక్కడ ఆగాలో, పిల్లలకి ఏ మలుపులో కడుపు తిప్పుతుందో, ఏ ఊళ్ళో పునీతుడి ఊరేగింపు దారి మూసేస్తుందో అన్నీ చూసుకుని, భోజనం ఎక్కడో, తిరుగు ప్రయాణం ఎప్పుడో కుదురుస్తాను. వ్యాను ఎక్కాక మా ఆయన, "ఈ దారంతా నా బుర్రలోంచి పుట్టిందే" అంటాడట. సాయంత్రం వాళ్ళు వచ్చి ఆ మాట నాతోనే చెప్పి, "మీ వారు గట్టివారమ్మా" అని మెచ్చుకుంటారు. నేనూ నవ్వుతాను. నేను కుదిర్చిన ఏ యాత్రలోనూ నేను లేను. దానికి ఏడవను. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో పని ఇస్తాడు అనుకునేదాన్ని. అలా అనుకోవడం నాకు దేవుడు నేర్పాడా, అత్తగారు నేర్పిందా అన్నది ఈమధ్య వచ్చిన అనుమానం.

ఇల్యారి పోయాక ఇది మూడో ఆత్మల పండుగ. ఆరేళ్ళ పిల్ల. పోయిన ప్రాణం మూడేళ్ళపాటు ఈ పండక్కి తిరిగొస్తుందని మా అమ్మ వైపు వాళ్ళ నమ్మకం. తనకిష్టమైనవి తింటుంది, మన మాటలు వింటుంది. మూడో ఏడు తినిపించి, వీడ్కోలు చెప్పి పంపేస్తాం. ఆ తరవాత రాదు, వినదు. చర్చిలో ఫాదర్‌ని అడిగితే, "అలాంటిదేం లేదమ్మా, పాప మొదటిరోజు నుంచే దేవుడి దగ్గరుంది" అన్నారు. నేను రెండూ నమ్ముతాను. తన దగ్గరున్న పిల్లని ఏడాదికొకసారి తల్లి దగ్గరికి పంపడానికి దేవుడికేం అడ్డం?

"ఇది ఆఖరిసారి," అన్నాను. "దానితో నేను మాట్లాడుకోవాలి. ఈ ఒక్కరోజు వద్దు."

"మాట్లాడుకో, ఎవరొద్దన్నారు? వాళ్ళు పక్కన కూర్చుంటారు, అంతే. నీ నోటి దగ్గర ముద్దేం లాక్కోరు."

అత్తగారు హెర్మెలిందా పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే అంది, "పోయినదానికి లేని బాధ నీకెందుకే? నా కొడుకు కూర్చున్నా తప్పే, నిలుచున్నా తప్పే నీకు."

"అది సరే గానీ," అన్నాడు మా ఆయన, "వాళ్ళని టిపోన్ మెట్ల పొలాలకి కూడా తీసుకెళ్ళాలి. పాప దగ్గర ముందు పెట్టమంటావా, తరవాతా?"

నా నోరు దాని అలవాటు ప్రకారం జవాబు చెప్పేసింది. "ముందు టిపోన్. పొద్దున సమాధుల దగ్గర తొక్కిసలాట. భోజనం వేళకి తీసుకురా." చెప్పాక తెలిసింది, నా కూతురి సమాధిని రెండు మజిలీల మధ్య నేనే ఇరికించానని.

మూడేళ్ళ కిందటి ఆ రోజు యాత్రని కూడా నేనే కుదిర్చాను. పాపకి ముందురోజు నుంచీ జ్వరం, ఎగశ్వాస. అందుకని చిన్నది కుదిర్చాను, చిన్చేరోలో నేత చూసి భోజనానికి తిరిగొచ్చేసేది. రాగానే పాపని ఆసుపత్రికి తీసుకెళ్తానని మాటిచ్చి వెళ్ళాడు. మధ్యాహ్నం దాటింది. ఫోన్ చేశాను. "వస్తున్నా. వీళ్ళు ఉప్పు మళ్ళు చూస్తామంటున్నారు, అదెంతసేపు." మళ్ళీ చేశాను. "టాక్సీల్లో తిప్పకు, చలిగాలి కొడుతుంది. నేను తీసుకెళ్తానన్నానా లేదా?" పాపని శాలువాతో వీపుకి కట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "మొగుడు వస్తానన్నాక కూడా ఆగలేని ఆడదాన్ని నిన్నే చూస్తున్నా. రాత్రికి వచ్చేవాళ్ళకి సూపు ఎవరు కాస్తారు, మీ అమ్మా?" ఆగమన్నారు, ఆగాను. ఉప్పు మళ్ళ మీద సూర్యాస్తమయం బంగారం కరిగించి పోసినట్టు ఉంటుందట. అది చూసి గాని వాళ్ళు కదల్లేదట. ఆయన ఇంటికి వచ్చేసరికి నా వీపు మీద వేడి లేదు. జ్వరం తగ్గిందనుకున్నాను.

ఆ సూర్యాస్తమయం వాళ్ళందరికీ తెగ నచ్చింది. అప్పట్నుంచి అది మా ఇంటి యాత్రల్లో స్థిరపడిపోయింది. పొద్దున్నే కషాయం పోస్తూ నేనే చెప్తాను, చీకటి పడేదాకా ఉండండి, చాలా బాగుంటుందని. అదే నాలుకతో జపమాల చెప్పుకుంటాను. క్షమించమని అడుగుతాను. ఎవర్ని క్షమించమంటున్నానో నాకే తెలియదు.

మర్నాడు సమాధుల తోట జాతరలా ఉంది. నిచ్చెనలు, పూలు, బీరు సీసాలు, గిటారుతో జపాలు పాడే ముసలివాళ్ళు. ఇక్కడ శవపేటికల్ని గోడ గూళ్ళలో పెట్టి, ముందు అద్దం బిగిస్తారు. నా భుజాల ఎత్తున ఉన్న గూడు మా పాపది. అత్తగారు దుప్పటి పరిచి కూర్చుంది. నేను గూటి అద్దం తుడిచి, లోపలున్న బొమ్మ కప్పులు సర్ది, పసిపిల్ల ఆకారంలో కాల్చిన పండగ రొట్టె, పందిమాంసం, తమాలెస్, దానికిష్టమైన ఊదారంగు మొక్కజొన్న పాయసం దుప్పటి మీద పెట్టాను. కొవ్వొత్తి వెలిగించాను. "ఇల్యారీ, అమ్మనే" అన్నానో లేదో, వెనకనుంచి మా ఆయన గొంతు.

"మెట్టుంది, చూసుకుని రండి. ఇదిగో, ఇదే మా పాప. వీళ్ళు మా అమ్మ, నా భార్య. కూర్చోండి, మొహమాటపడకండి. ఫొటోలు తీసుకోవచ్చు."

పదకొండు మంది దుప్పటి చుట్టూ చేరారు. చెడ్డవాళ్ళు కారు. ఒకరిద్దరు టోపీలు తీశారు. ఒకాయన నా భుజం మీదుగా ఫోన్ చాపి, అద్దం వెనకున్న పాప ఫొటోని ఫొటో తీశాడు. నేను వడ్డించాను. వడ్డించమని నా చేతులకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఫెలీ, పాప గురించి రెండు ముక్కలు చెప్పు," అన్నాడు. "ఏం తినేది, ఎలా అల్లరి చేసేది. వింటారు."

నేను పాయసం గిన్నెని పాప గూటి వైపు జరిపాను.

"మా కొండ ఆడవాళ్ళింతే," అని నవ్వాడు. "నోట్లోంచి మాట రావాలంటే ముందు రెండు గ్లాసులు బీరు పొయ్యాలి."

కొందరు నవ్వారు. సాంతియాగో నుంచి వచ్చిన ఇర్మా అనే ముసలావిడ నవ్వలేదు. పళ్ళెం పక్కన పెట్టి, "పాప పేరేమిటమ్మా? ఒక్క పరలోక జపం చెప్పుకుంటాను" అని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని, మధ్యలో పాప పేరు తలుచుకుంటూ జపం ముగించింది. పోయినవాళ్ళ పేరుతో ప్రార్థించిన మనిషికి రొట్టె ఇవ్వాలి. తుంచి ఇచ్చాను. అందుకుంటూ మెల్లగా అడిగింది, "ఏమైంది తల్లీ పాపకి?"

ఆమె నన్ను అడిగింది. జవాబు మా ఆయన చెప్పాడు.

"నెమ్ము చేసిందమ్మా. కొండల్లో బతుకులు, తెలుసుగా. ఆసుపత్రులు దూరం. దేవుడు పిలిచాడు, పంపించాం."

అందరూ అయ్యో అన్నారు. దేవుడు పిలిచాడన్న మాట నేను కూడా మూడేళ్ళుగా పొరుగువాళ్ళతో అంటూనే ఉన్నాను. నిజంగా పిలిచేది దేవుడే అయితే, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసేది ఎవరు? అన్నీ దేవుడి మీద పెడుతుంటే దేవుడికి మాత్రం కష్టంగా ఉండదా? పాప ఇవాళ ఇక్కడుంది, వింటోంది. రేపట్నుంచి వినదు. తన చావు గురించి ఈ మాటే ఆఖరి మాటగా చెవిలో వేసుకుని పోవాలా? అమ్మ పక్కనే కూర్చుని తమాలెస్ వడ్డిస్తూ ఊరుకుందని తలుచుకుంటూ పోవాలా?

"ఆసుపత్రి దూరం కాదమ్మా," అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది, పొద్దున్నే దారులు చెప్పే గొంతు. "మా వీధి చివర టాక్సీ ఎక్కితే మీరీ రొట్టె తినేలోపు వెళ్ళిపోవచ్చు. వ్యానే దూరంగా ఉంది. మొన్న సాయంత్రం మీరంతా చూసొచ్చారే, ఆ ఉప్పు మళ్ళ దగ్గర. ఈయన అక్కడున్నాడు. నన్ను కదలొద్దన్నాడు. ఈవిడ గుమ్మంలో కూర్చుంది. అప్పటికి పాప నా వీపు మీద ఉంది, ఊపిరితోనే ఉంది."

ఎవరూ నమలడం లేదు. ఫోన్ పట్టుకున్నాయన చెయ్యి మెల్లగా దించాడు. మా ఆయన, "పాపం, దుఃఖంలో ఏదో..." అని నవ్వబోయాడు. ఇర్మా చూసిన చూపుకి ఆ నవ్వు పూర్తి కాలేదు.

అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని గుంజింది. "నోరు ముయ్యవే! ఇంటి సంగతులు ఇంతమంది ముందా చెప్పేది?"

నేను చెయ్యి విడిపించుకుని లేచి, గూటి అద్దానికి దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను.

"వీళ్ళ ముందు కాదు అత్తయ్యా. పాప ముందు."