లోవ నడుముకు కట్టిన తాడు

నేను ఒక నూలు తాడును. బావిలో చేద మోసినదాన్ని కాను, ఎద్దును కట్టినదాన్ని అంతకన్నా కాను. గోదావరి మీద ఒక పడవలో పసిపిల్లల్ని కట్టి ఉంచడమే నా పని. గట్టు మీద ఇళ్లు కట్టుకున్న మీరు ఈ మాట వింటే "అయ్యో, పిల్లల్ని కట్టేస్తారా!" అని బుగ్గలు నొక్కుకుంటారు. మీ గుమ్మం దిగితే వీధి. మా గుమ్మం దిగితే గోదావరి.

నన్ను పేనింది ఆ పడవ ఇల్లాలు పేరంటాలు. కొన్న తాడు పసినడుమును ఒరిసేస్తుందని తన పాత చీరలు చింపి పేనింది. ఆ పడవే వాళ్ల ఇల్లు. చాపల గూడు కింద పడక, ముందువైపు మట్టి పొయ్యి, గూడు మీద ఆరే వలలు. మొదట ఆమె కొడుకు తాతారావును కట్టాను. వాడు నన్ను కొరికాడు, నా మీద ఉచ్చ పోశాడు, నన్ను ఈడ్చుకుంటూ పడవంతా పాకాడు. ఈత వచ్చాక మాత్రం తల్లి కడుపులోనే నేర్చుకుని వచ్చినట్టు తిరిగాడు. నా మొహం మళ్లీ చూడలేదు. ఏరు దాటి తెప్ప తగలేయడం మనుషులకు కొత్తా?

తర్వాత వాడి కూతురు లోవ వంతు వచ్చింది. లోవ తల్లి వరహాలు మెట్ట ఊరి పిల్ల. పెళ్లికి ముందు మోకాళ్లకు మించిన నీళ్లు ఎరగదు. పడవలో కాపురానికి వచ్చి ఏళ్లు గడిచినా, నీళ్లు ముంచుకోవడానికి వంగితే రెండో చెయ్యి గూడు కర్రను వదిలేది కాదు.

పడవవాళ్లు పిల్లలకు వేసే ముడి ఒకటుంది. పిల్ల ఎంత గుంజుకున్నా బిగిసే ఉంటుంది, కొస పట్టి లాగితే ఊడి వస్తుంది. ఆ కొస వీపు వెనక, పిల్లకు అందకుండా ఉంచుతారు. వరహాలుకు ఆ ముడి మీద నమ్మకం లేదు. దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి వేసేది.

"లాగితే ఊడిపోయేదీ ఒక ముడేనా అత్తా?"

"ఊడాలనే ఏత్తామే. నీళ్ల మీద బతికేవోళ్లకి కట్టుకోడం ఎంతో ఇప్పుకోడం అంతే."

వరహాలు వినలేదు. ప్రేమ ఎక్కువైతే మనుషులు ముళ్లు ఎక్కువ వేస్తారు. బరువు మాత్రం నాకు.

శ్రావణంలో గోదావరికి వరద ఎర్రనీరు తగిలింది. తొలి ఎర్రనీటికి బెదిరి పడవ దిగే మనుషులు కారు వాళ్లు. రేవులో పడవ కట్టి, తాతారావు గట్టు మీద వల బాగుచేసుకుంటున్నాడు. పేరంటాలు పొయ్యి దగ్గర ఉంది. నా ఒక కొసను ఆమె పడవవాళ్ల ముడితోనే పడవ అడుగునున్న అడ్డబద్దకు కట్టింది. రెండో కొసతో వరహాలు పిల్లను బిగించి, చేపల తట్ట, కత్తిపీట తీసుకుని ఊళ్లోకి వెళ్లింది. నీటి రంగు చూసిన భయంతో ఆ రోజు మరీ బిగించింది.

వరదకు కొట్టుకొచ్చిన దుంగ ఒకటి పడవను గుద్దింది. పడవ పక్కబల్ల పగిలి నీళ్లు లోపలికి వచ్చాయి, రేవుకు కట్టిన మోకు తెగింది. పడవ పాయలోకి జారిపోయింది. గట్టు మీద తాతారావు "అమ్మా! పిల్ల!" అని కేక పెట్టి నీళ్లలో దూకాడు.

పేరంటాలు పిల్ల వీపు వెనక తడిమి కొస లాగింది. కొస కదల్లేదు. పైన ఉన్న ముళ్లన్నీ తడిసి రాయిలా బిగుసుకున్నాయి. గోళ్లతో పీకింది. ఉన్న నాలుగు పళ్లతో కొరికింది. కత్తిపీట ఊళ్లో ఉంది. నీళ్లు లోవ రొమ్ము దాకా వచ్చాయి.

"మామ్మా, ఇప్పెయ్యి! మామ్మా!"

కాపాడటానికి పుట్టినదాన్ని, పిల్లను నేనే ముంచుతున్నాను. తెగిపోవాలని ఎంత తపించానో! తెగడం తాడు చేతిలో లేదు.

భయంలో మనుషులు కంటి ముందున్న ముడినే విప్పాలని చూస్తారు. బద్దకు కట్టిన కొస సంగతి పేరంటాలుకు గుర్తొచ్చేసరికి నీళ్లు పిల్ల గడ్డాన్ని తాకాయి. ఊపిరి బిగబట్టి మునిగింది. బురదనీళ్లలో కళ్లు పనికిరావు. బద్ద వెంట చేతులు పాకించి తను వేసిన ముడిని పట్టుకుని లాగింది. ఒక్క లాగుకు ఊడి వచ్చాను.

పడవ మునిగింది. పిల్లను భుజాన వేసుకుని ముసలిది కాళ్లాడిస్తోంది. నేను వెనక తేలుతున్నాను. ఈదుకుంటూ వచ్చిన తాతారావుకు ముందు అందింది నేనే. పిడికిలికి చుట్టుకుని ఇద్దరినీ గట్టుకు లాక్కొచ్చాడు.

కేకలు విని వరహాలు పరుగెత్తుకొచ్చింది. ఆ ముళ్లు ఆమెకూ విడలేదు. కత్తిపీటతో కోసి పిల్లను గుండెకు హత్తుకుంది.

"నేనే కట్టేనత్తా... నా సేతుల్తో..."

పేరంటాలు తడి కొంగుతో కోడలి మొహం తుడిచింది.

వరద తీశాక పడవను బయటికి లాగి బాగుచేసుకున్నారు. ఒక పొద్దున వరహాలు నన్ను తీసింది. లోవను కట్టడానికే అనుకున్నాను. పిల్లను తండ్రికి అందించి, నన్ను తన నడుముకు కట్టుకుని, కొసను అత్త చేతిలో పెట్టింది.

"ఈతొచ్చేదాకా వదలకత్తా."

"ఎక్కడికి వదుల్తానే ఎర్రిదానా. దిగు."

వరహాలు మెడదాకా గోదావరిలోకి దిగింది. ఆమె వణుకు నా పొడవునా పాకి అత్త చేతికి చేరింది. ఆ చెయ్యి ఇంకాస్త బిగిసింది.