బావ కార్డు

రంగుల మేస్త్రి పింఛను ఆఫీసుకు బయల్దేరిన రోజు పొద్దున్నే అతని భార్య కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసింది. వచ్చే నెల నుంచి కుట్టనని వీధిలో అందరికీ చెప్పేసింది కూడా. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళని పిలవాల్సి వస్తున్న మనిషి ఇంకెన్నాళ్ళు కుడుతుంది!

"నోరు తెరిచి అడగండి. అక్కడ కూడా మొహమాటపడ్డారంటే మనం అడుక్కుతినాలి," అంది గుమ్మంలో.

"మనకి రావాల్సింది అడగడానికి మొహమాటం దేనికే?" అన్నాడు మేస్త్రి. పుట్టి బుద్ధెరిగాక అతను మొహమాటపడని రోజు ఒక్కటి చూపించమంటే ఆ ఇంట్లో ఎవరూ చూపించలేరు.

మేస్త్రి అన్నది పిలుపే, పదవి కాదు. అద్దకం కార్ఖానాలో తొట్టి ముందు నిలబడి బట్ట ముంచడం, తేల్చడం, పిండడం, అదే అతని బతుకు. చివరికి రంగుల మందులకు చేతుల చర్మం అట్టకట్టి పగిలింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సర్కారు పింఛనుకు ముప్పై ఏళ్ళ సర్వీసుండాలి. చేరిన ఏటి నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ముప్పై నిండిన మర్నాడే, రిటైరవడానికింకా మూడేళ్ళుండగానే పని మానేశాడు. ముందు ఆఫీసులో కనుక్కుని తర్వాత మానేద్దామన్న బుద్ధి పుట్టలేదు మహానుభావుడికి.

తోడుగా చెల్లెలు వచ్చింది. మొగుడు పోయినప్పటి నుంచి అతని పింఛను ఆమెకు వస్తోంది. తాను బతికే ఉన్నానని చూపించుకోవడానికి ఏడాదికోసారి వెళ్తుంది కాబట్టి ఆ ఆఫీసంతా ఆమెకు కొట్టిన పిండి. ఏ కుర్చీ కాలు ఊగుతుందో కూడా తెలుసు.

"ఆ మూల బల్ల దగ్గరావిడ మంచిదన్నయ్యా. నా కాగితాలు చూసింది ఆవిడే," అని తిన్నగా అక్కడికే లాక్కెళ్ళింది.

గుమాస్తా నిజంగానే మంచిది. వచ్చిన చిక్కల్లా అదే. కసురుకునే మనిషైతే మేస్త్రి తలూపి వచ్చేసేవాడు. ఈవిడ కంప్యూటరు తెర అతనివైపు తిప్పి, వేలుపెట్టి ఒక్కో ఏడూ చూపించింది.

"ఇరవై ఎనిమిదే అయ్యాయండీ. ఏడాదికి రెండు వందల రోజులు పనిచేస్తేనే ఆ ఏడు లెక్కకొస్తుంది. ఇదిగో, ఈ రెండేళ్ళూ మీకు వందేసి రోజులే ఉన్నాయి."

ఆ రెండేళ్ళు ఏవో మేస్త్రికి చూడకుండానే తెలిసిపోయింది.

కార్ఖానాలో ఒక అలవాటుండేది. కార్డు మోయడం అనేవాళ్ళు దాన్ని. ఎవరైనా మంచాన పడితే, తోటివాడు తన కార్డు పక్కనపెట్టి, ఆ పడుకున్నవాడి కార్డు మీద హాజరు వేయించుకుని, అతని తొట్టి దగ్గర పనిచేసేవాడు. జీతం ఆ ఇంటికి చేరేది. ఫోర్‌మన్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. మోసినవాడు ఆ ఇంటి ఆడవాళ్ళకు మాత్రం చెప్పకూడదు, అది కట్టుబాటు. తెలిస్తే ఎదురుపడ్డప్పుడల్లా వాళ్ళు తల దించుకోవాల్సి వస్తుందని. అదే కార్ఖానాలో పనిచేసే చెల్లెలి మొగుడు ఊపిరితిత్తులు చెడి రెండేళ్ళు పడుకున్నప్పుడు మొదట నలుగురు మోశారు. నెల తిరక్కుండా ముగ్గురు జారుకున్నారు. మేస్త్రి ఎక్కడికి జారతాడు? వారంలో నాలుగు రోజులు బావ కార్డు, రెండు రోజులు తన కార్డు. "వాళ్ళకి పిల్లలున్నారు, మనమిద్దరమేగా," అన్నాడు భార్యతో. ఎవరో అమ్మేస్తున్న కుట్టుమిషను తెచ్చుకుంది ఆమె.

జీతం గురించే చూసుకున్నారు గానీ, కార్డుతోపాటు ఏళ్ళు కూడా పోతాయని ఆ కార్ఖానాలో ఒక్క బుర్రకీ తట్టలేదు.

"ఆ రెండేళ్ళ చందా ఇప్పుడు కట్టుకోవచ్చా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"ఆరేళ్ళ లోపువైతే కట్టించుకుంటామండీ. ఇవెప్పటివో కదా."

"పోనీ, మళ్ళీ పనిలో చేరతాను."

ఆవిడ అతని చేతులవైపు చూసి, చూపు తిప్పేసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆ రోజుల్లో ఇంకెక్కడైనా పనిచేశారేమో గుర్తు తెచ్చుకోండి. ఒక్క సాక్షి ఉన్నా చాలు, నేను చేరుస్తాను."

సాక్షికేం, ఫోర్‌మన్ ఇంకా బతికే ఉన్నాడు. ఒక్క మాట చెబితే ఆ నాలుగు వందల రోజులూ బావ పేరు నుంచి ఊడి ఇతని పేరున పడతాయి. కానీ బావ కోలుకుని, మళ్ళీ చేరి, సరిగ్గా ముప్పై నింపుకుని పోయాడు. అందులో రెండు ఊడితే చెల్లెలి పింఛను ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ తిన్నది కూడా కక్కమంటారు. "ఎవరూ లేరమ్మా," అన్నాడు మేస్త్రి.

చెల్లెలు ఊరుకోలేదు. "అదేంటన్నయ్యా! నువ్వు రోజూ క్యారియర్ పట్టుకుని వెళ్ళడం నేను చూశాగా! కంపెనీవాళ్ళే తప్పు రాసుంటారమ్మా. అసలు చాలా మంచి కంపెనీ. మా ఆయన రెండేళ్ళు మంచం దిగకపోయినా జీతం ఇంటికి పంపారు!"

గుమాస్తా వేళ్ళు ఆగిపోయాయి. "మంచంలో ఉంటే జీతమిచ్చారా? మీ ఆయన నంబరు చెప్పండమ్మా, ఒకసారి చూస్తాను."

"తిరిగాను!" అన్నాడు మేస్త్రి. వరుసలో ఉన్నవాళ్ళంతా ఇటు చూశారు. "పని ఎగ్గొట్టి తిరిగానమ్మా. ఇంట్లో పనికని చెప్పి, క్యారియర్ పట్టుకుని వెళ్ళి, బలాదూరుగా తిరిగాను. ఈవిడకేం తెలీదు, ఏదో మాట్లాడుతోంది. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి."

ఆవిడ కీబోర్డు మీంచి చేతులు తీసేసి, ఒక కాగితం అతని ముందుకు జరిపింది. "పెట్టాక మళ్ళీ మార్చడం కుదరదండీ," అంది మెల్లగా.

"అక్కర్లేదమ్మా."

తన ఇష్టంతోనే పనికి రాలేదనీ, ఆ రెండేళ్ళ మీద ఏ హక్కూ కోరననీ ఉన్న కాగితం మీద, పగిలిన వేళ్ళతో పెన్ను బిగించి సంతకం పెట్టాడు.

బస్సులో చెల్లెలు దారి పొడవునా దులిపేసింది. "మా ఆయన్ని చూసైనా నేర్చుకోవాల్సింది. రోగమొచ్చినా ఒక్క ఏడు లెక్క తప్పలేదు ఆయనకి!"

"అవునమ్మా," అన్నాడు మేస్త్రి. బావ మీద ఆ క్షణాన అతనికి కోపం వచ్చింది. చచ్చిపోయినవాడి మీద కోపమేమిటని సిగ్గూ వేసింది.

భార్య గుమ్మంలోనే ఉంది.

"విన్నావా వదినా, నీ మొగుడి నిర్వాకం! రెండేళ్ళు పని ఎగ్గొట్టి తిరిగాడట. పింఛను లేదు, ఏమీ లేదు. ఎక్కడికెళ్ళావని అప్పుడు నువ్వైనా అడగలేదా?"

భార్య మొగుడివైపు చూసింది. అతను చెప్పులు విప్పుతూ తలెత్తలేదు. ఆ రెండేళ్ళూ మోచేతులదాకా రంగుతో ఇంటికొచ్చిన మనిషి. మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"అడగలేదమ్మాయ్," అంది. "కూర్చో, అలిసిపోయి వచ్చావు."

మిషను దగ్గరికి వెళ్ళి దుప్పటి తీసి, నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టింది. దారపుకండె చేతిలోకి తీసుకుంది.

"అమ్మాయ్, కాస్త ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టవూ? నాకు ఆనడం లేదు."

"దానికేం వదినా," అంటూ ఆడపడుచు దారం కొస నోట్లో తడిపి, ఒక్కసారికే ఎక్కించేసింది.